పోటు ఒక్కటే, కౌంటర్లు ఎన్నో

తిరుమల దర్శనం టిక్కెట్లు ఇంటర్నెట్టులో విడుదలయ్యే రోజున మా తిరుపతిలో ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి. నాయనగారు కంప్యూటరులో క్రోము తెరుస్తారు. కోడలు ల్యాప్‌టాపులో ఎడ్జి తెరుస్తుంది. కుర్రవాడు ఆండ్రాయిడ్ ఫోనులో ఒపేరా పట్టుకుంటాడు. ఒకటి కాకపోతే మరొకటైనా పలుకుతుందని ఆశ. ఆ ఆశను చెడగొట్టడం నాకిష్టం లేదు గాని, మూడింటిలోనూ పేజీని గీసే యంత్రం ఒక్కటే. దాని పేరు బ్లింక్.

బ్రౌజరు ఒకే వస్తువని మనమనుకుంటాం. నిజానికి రెండు. పైకి కనిపించే బొత్తాలు, అలంకారాలు ఎవరివి వారివి. సర్వరు పంపిన రాతను చదివి, ఏ అక్షరం ఎక్కడ, ఏ బొమ్మ ఎంత అని లెక్కకట్టి తెరమీద గీసేది లోపలి రెండరింగ్ ఇంజను. కొండమీద లడ్డూ కౌంటర్లు ఎన్నో ఉన్నా లడ్డు వచ్చేది పోటునుంచే కదా! ఏ వరుసలో నిలబడినా రుచి మారదు.

ఈ ఇంజన్లకూ వంశవృక్షం ఉన్నది. 1998లో కేడీఈ అనే స్వచ్ఛంద బృందం కేహెచ్‌టీఎమ్‌ఎల్ అనే ఇంజను మొదలుపెట్టింది. దానిని ఆధారం చేసుకుని ఆపిల్ వారు వెబ్‌కిట్ తయారుచేసి, 2003లో సఫారీతో బయటపెట్టారు. 2008లో క్రోము కూడా వెబ్‌కిట్‌తోనే పుట్టింది. 2013లో గూగుల్ వారు వేరుపడగా ఆ వాటాకు బ్లింక్ అని పేరు వచ్చింది. సొంత ఇంజను ఉన్న మైక్రోసాఫ్టు వారు సైతం 2020లో ఎడ్జిని బ్లింక్ మీదికి మార్చారు. గెకో అనే వేరు కుంపటి నిలుపుకొన్నది ఫైర్‌ఫాక్స్.

ఆ వేరు కుంపటి సంగతీ పూర్తిగా నమ్మకండి. తెలుగు ఒత్తులూ గుణింతాలూ కూర్చే పనిని ఫైర్‌ఫాక్సూ, క్రోమూ, లిబ్రెఆఫీసూ హార్ఫ్‌బజ్ అనే ఒకే పనిముట్టుకు అప్పగించాయి. అందులో ఒక ఒత్తు సరిదిద్దితే ఇన్నిచోట్ల మన అక్షరం బాగుపడుతుంది. ఇది పంచుకోవడంలోని భాగ్యం.

కష్టమూ ఉన్నది. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా మన 'జ్ఞా'ను తిట్టుకున్నది. జ, పొల్లు, ఞ, కంటికి కానరాని ఒక విభజన గుర్తు, ఆపైన దీర్ఘం: ఈ వరుసలో అక్షరం వస్తే ఐఫోనులో సందేశాల పెట్టె మూతపడేది. వాట్సాపూ అంతే, సఫారీ అంతే. ఇన్నిటికీ అక్షరాలు కూర్చి పెట్టేది ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ ఒక్కటే. తప్పు అందులో ఉన్నది. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దానిని సరిదిద్దారు. పత్రికలు మాత్రం 'తెలుగు అక్షరం ఫోన్లను పడగొడుతున్నది' అని రాశాయి. జ్ఞానానికి మొదటి అక్షరం నేరస్థురాలై నిలబడింది! తెలుగు పాఠం చెప్పుకు బతికే నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకున్నది.

పోటులో ఉప్పెక్కువైతే కౌంటరు మార్చి ప్రయోజనం లేదు; పోటుకే కబురు పెట్టాలి. హార్ఫ్‌బజ్, బ్లింక్, గెకోల మూలరాత బహిరంగమే. ఒత్తు విరిగి కనిపిస్తే తప్పు చూపే హక్కు మనకున్నది. చూపేవారు తెలుగువారు కాకపోతే మరెవరండీ?