పొరుగింటి పుల్లకూర

సబ్హాన్ పారిశ్రామికవాడలో మా గోడౌను ఉంది. మధ్యాహ్నం అక్కడ అందరం బాక్సులు విప్పితే ఒకే బల్ల మీద మూడు నాలుగు దేశాలు కనబడతాయి. ఈజిప్టు పెద్దాయన రొట్టె, ఫూల్ తెచ్చుకుంటాడు. ఫిలిప్పీన్స్ కుర్రాడు అన్నం, వేపుడు చేప తెచ్చుకుంటాడు. నేను మాత్రం చాలా ఏళ్ళు నా బాక్సును కాస్త పక్కకు తిప్పుకుని తిన్నాను. పచ్చడి వాసనకు ఎవరేమనుకుంటారో అని జంకు! ఈ సంగతి ఇన్నాళ్ళకు బయటపెట్టడానికి కారణం మా అమ్మాయి.

పోయిన చలికాలంలో ఒక శుక్రవారం వాళ్ళిద్దరినీ ఇంటికి భోజనానికి పిలిచాను. ఏం వండుదామని మాట్లాడుకుంటుంటే పదేళ్ళ మా అమ్మాయి, "నాన్నా, గోంగూర మాత్రం వద్దు. పిజ్జా తెప్పిద్దాం" అంది. ఎందుకమ్మా అని అడిగితే, స్కూల్లో తన బాక్సు చూసి ఎవరో ముక్కు మూసుకున్నారట. అప్పటి నుంచి బ్రెడ్డు, జామ్ మాత్రమే తీసుకెళ్తోందట. మాకు తెలియనే తెలియదు. బాక్సు దాచుకోవడం తను నా దగ్గరే నేర్చుకుందేమో అనిపించి ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

విదేశీ అతిథి వస్తే మనలో చాలామంది హోటల్ నుంచి బటర్ చికెన్, నాన్, ఫ్రైడ్ రైస్ తెప్పిస్తాం. తప్పని అనను. కానీ అవి ఆయనకు కువైట్‌లో ఏ వీధిలోనైనా దొరుకుతాయి. మన గడప తొక్కినవాడికి మనం రోజూ తినేది పెట్టడమే అసలైన మర్యాద అని నా అభిప్రాయం.

చివరికి మేం గోంగూర పచ్చడి, ముద్దపప్పు, కోడికూర, చారు చేశాం. కారం సగానికి తగ్గించాం. ఈజిప్టు ఆయన మొదటి ముద్దకే పులుపుకు కళ్ళు మూసుకున్నాడు. మా అమ్మాయి నా వైపు "చెప్పానా!" అన్నట్టు చూసింది. అప్పుడు ఆయనకు కర్కదే గుర్తుచేశాను. ఈజిప్టు, సూడాన్ వాళ్ళు ఇష్టంగా తాగే ఆ ఎర్రటి పానీయం గోంగూర జాతి మొక్క పూల కింద ఉండే ఎర్రటి రేకులను ఎండబెట్టి కాచేదే. "పువ్వు మీరు తాగుతారు, ఆకు మేం తింటాం" అన్నాను. ఆయన పెద్దగా నవ్వి ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఫిలిప్పీన్స్ కుర్రాడికి గోంగూర నచ్చలేదు, ఆ మాటే చెప్పాడు. చారు మాత్రం మూడుసార్లు పోయించుకున్నాడు. చింతపండుతో చేసే సినిగాంగ్ అనే పులుసు వాళ్ళ ఇంటి వంటట. మన చింతపండును అరబ్బులు 'తమర్ హిందీ' అంటారు. అంటే హిందూదేశపు ఖర్జూరం!

ఆ రోజు మేం నేర్చుకున్నవి నాలుగు మాటలు. పడని పదార్థాలేమైనా ఉన్నాయా అని ముందే అడగాలి. వేరుశెనగ, నువ్వులు కొందరికి ప్రాణం మీదికి తెస్తాయి. పచ్చడి కొసరుగా వడ్డించాలి, పక్కన నెయ్యి, పెరుగు ఉంచాలి. ఎలా తినాలో చూపించాలి. మునక్కాడ నమిలి పిప్పి పక్కన పెట్టాలని, పోపులో ఎండుమిరపకాయ తీసేయవచ్చని కొత్తవాళ్ళకు ఎలా తెలుస్తుంది? నచ్చకపోతే బలవంతం చేయకూడదు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అనే మన అలవాటు అక్కడ పనికిరాదు.

అన్నిటికంటే ముఖ్యం, వంటను దాని పేరుతోనే చెప్పాలి. గోంగూరను 'ఇండియన్ స్పినాచ్ సాస్' అంటే రుచీ తెలియదు, పేరూ మిగలదు. ఫూల్‌ను, మచ్‌బూస్‌ను మనం వాళ్ళ పేర్లతోనే నేర్చుకున్నాం కదా!

అసలు ఏ వంట ఎవరిది? అరబ్బులు రంజాన్‌లో ఇష్టంగా తినే గోధుమ, మాంసాల హరీస్ నిజాం కాలంలో అరబ్బుల వెంట హైదరాబాదు చేరింది. అక్కడి మసాలాలు కలిసి మన హలీం అయింది. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హరీస్‌ను 2023లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మనం మనదనుకునే మిరపకాయ కూడా పోర్చుగీసు వాళ్ళతో సముద్రం దాటి వచ్చిన అతిథే. ఎవరో ఒకరు జంకకుండా మొదటిసారి వడ్డించారు కాబట్టే ఇవన్నీ మన విస్తట్లోకి వచ్చాయి.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. అతిథులు వచ్చినప్పుడు పిల్లలను టీవీ గదిలోకి పంపకండి. వడ్డన వాళ్ళకే అప్పగించండి. ఇదేమిటని అతిథి అడిగితే జవాబు చెప్పడానికి పోపు, ముద్ద, పులుసు, ఊరగాయ అన్న మాటలు పిల్లలకు తెలియాలి. తెలంగాణలో పుంటికూర, రాయలసీమలో గోగాకు అన్నా అదే గోంగూర అని తెలియాలి. శుక్రవారం బడిలో అక్షరాలు నేర్పగలం కానీ, ఈ మాటలు వంటింట్లోనే వస్తాయి.

పిల్లలూ, మీ బాక్సు చూసి ఎవరైనా ముక్కు మూసుకుంటే కోపం తెచ్చుకోకండి, దాచుకోకండి. దాని పేరు చెప్పి, కొంచెం రుచి చూస్తావా అని అడగండి. వద్దంటే సరే, మీరు హాయిగా తినండి. పొరుగింటి పుల్లకూర రుచి అని మన పెద్దలు ఊరికే అన్నారా? మన పొరుగువాళ్ళకు మనమే పొరుగిల్లు!

మా అమ్మాయి ఇంకా గోంగూర స్కూలుకు తీసుకెళ్ళడం లేదు. పోయిన వారం మాత్రం పులిహోర తీసుకెళ్ళింది. బాక్సు ఖాళీగా తిరిగి వచ్చింది. "సగమే నేను తిన్నాను నాన్నా" అని చెప్పింది.