గంజాయి గురించి నమ్మేలా చెబుతున్నామా?

సంక్షేమ హాస్టళ్లలో మేం చూసిన మాదకద్రవ్యాల అవగాహన సదస్సులన్నీ ఒకే తీరు: పోలీసు అధికారి ప్రసంగం, ప్రతిజ్ఞ, ఫొటో. 'ఒక్క దమ్ము కొడితే జీవితం నాశనం' అంటారు. దమ్ము కొట్టి కూడా పరీక్ష పాసైన స్నేహితుణ్ని ఎరిగిన విద్యార్థి, ఆ తర్వాత చెప్పే నిజాలనూ నమ్మడు.

ఆ నిజాలు తేలికైనవి కావు. గంజాయి పొగలోనూ తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. రోజూ పీల్చేవారిని దగ్గు, కఫం వదలవు. పొగాకు కలిపితే నికోటిన్ వ్యసనమూ తోడవుతుంది. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ తాగేవారికి, లేని గొంతులు వినిపించడం, అనుమానాలు ముదరడం వంటి మానసిక జబ్బుల ముప్పు పెరుగుతుంది. కుటుంబంలో అలాంటి జబ్బులుంటే ముప్పు ఇంకా ఎక్కువ. అందరికీ అలా జరగదు. ఎవరికి జరుగుతుందో ముందే చెప్పలేం. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి.

2019లో వెలువడిన కేంద్ర సామాజిక న్యాయ శాఖ సర్వే ప్రకారం గంజాయి, భంగు వంటివాటి వాడకం వల్ల సాయం అవసరమైనవారు దేశంలో సుమారు 72 లక్షల మంది. కానీ కేసు పెట్టగల అధికారి ముందు 'మానలేకపోతున్నాను' అని ఎవరు నోరు విప్పుతారు? ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ కింద గంజాయి తాగినందుకే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. అదే చట్టంలోని 64ఎ సెక్షన్, తనంతట తాను వచ్చి చికిత్స పూర్తిచేసిన వ్యసనపరుణ్ని ఆ కేసు నుంచి కాపాడుతుంది. లాయరును పెట్టుకోలేని దళిత, ఆదివాసీ పిల్లలకు ముందుగా తెలియాల్సింది ఇదే.

హాస్టళ్లకు డాక్టర్లు, కౌన్సెలర్లు రావాలి. పోలీసులు లేని గదిలో మాట్లాడాలి. కేంద్ర హెల్ప్‌లైన్ 14446తో పాటు 64ఎ సెక్షన్ కూడా నోటీసు బోర్డు మీద ఉండాలి.