పెద్దమండ్యం బడికి ఎలాంటి కంప్యూటర్ కావాలి?

పెద్దమండ్యం మండలంలో ఇంగ్లిషు కంటికి కనిపిస్తుంది గాని చెవిన పడదు. పాఠ్యపుస్తకంలో ఉంటుంది, దుకాణం బోర్డు మీద ఉంటుంది, ఎరువుల బస్తా మీద ఉంటుంది. చెనక్కాయల చేలో గాని, మదనపల్లె మార్కెట్టుకు టమోటా లోడు ఎత్తే చోట గాని, పల్లె బస్సులో గాని దాని అవసరం రాదు. బడి ఇంగ్లిషు మీడియమే అయినా, పాఠం పిల్లల తలకెక్కాలంటే అయ్యవారు తెలుగులోకి రాక తప్పదు. కంప్యూటర్ భాష నేర్పుతుందా, ఉన్న భాషను చెడగొడుతుందా అనే చర్చ నగరంలో ఒకలా ఉంటుంది, ఇలాంటి చోట ఇంకోలా ఉంటుంది. నగరంలో అది ఉన్నదానికి అదనం. ఇక్కడ చాలామంది పిల్లలకు ఇంగ్లిషు మాట్లాడి వినిపించేది అదొక్కటే కావచ్చు.

అందుకే మేలు నుంచే మొదలుపెడతాను. చొక్కా మీద తొడిగే ‘వెస్ట్’కూ, పడమర దిక్కు ‘వెస్ట్’కూ తెలుగులో ఉన్నది ఒక్క ‘వ’కారమే. ఈ తేడా నల్లబల్ల మీద రాసి చూపేది కాదు, పదిసార్లు విని పట్టుకోవలసింది. మన నోటికి మాట చివర అచ్చు ఉండాలి గనుక బస్ బస్సవుతుంది, పెన్ పెన్నవుతుంది. అది తెలుగు తీరు, సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ పరాయి ఊళ్లో ఇంటర్వ్యూకి కూర్చునే పిల్లకు రెండో తీరు కూడా తెలిసి ఉండాలి. ఒకే వాక్యాన్ని విసుగు లేకుండా ఇరవైసార్లు, కావాలంటే మెల్లగా వినిపించే ఓపిక యాభై మంది ఉన్న తరగతిలో ఏ ఉపాధ్యాయుడికీ కుదరదు. తరగతి నవ్వుతుందని నోరు విప్పని పిల్ల యంత్రం ముందు విప్పుతుంది. ఇది చిన్న లాభం కాదు.

పరిశోధన కూడా కొంత దారి చూపుతోంది. 2015లో ఢిల్లీలో ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్‌తో బడి వేళల తర్వాత నడిచిన కేంద్రాలను కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనీమియన్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. నాలుగున్నర నెలల్లో పిల్లలు గణితంలోనే కాదు, హిందీలో కూడా చెప్పుకోదగ్గంత ముందుకు వెళ్లారు. ఆ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. మన దగ్గర ఈ అధ్యయనాన్ని ఉదహరించేవాళ్లు రెండు సంగతులు వదిలేస్తుంటారు. ఆ పిల్లలు నేర్చుకున్న భాష వాళ్ల చుట్టూ మాట్లాడే హిందీ. రోజూ గంటన్నరలో సగమే కంప్యూటర్‌తో గడిచేది, మిగతా సగం చిన్న గుంపుగా కూర్చోబెట్టి ఒక మనిషి చెప్పేవారు. ఈ రెంటినీ తీసేసి పరికరాన్ని మాత్రం తెచ్చుకుంటే అదే ఫలితం వస్తుందని నమ్మడానికి ఆధారం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో మనం చేసింది దాదాపు అదే. 2022 డిసెంబరు 21న ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల ఉపాధ్యాయులకు బైజూస్ అనే బెంగళూరు కంపెనీ పాఠాలు నింపిన ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. మొత్తం 5 లక్షలకు పైగా పరికరాలు. 2023లో టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్ష నడిపే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని ప్రభుత్వ బడుల పిల్లలకు ఆ పరీక్షకు శిక్షణ అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని పక్కన పెట్టారు. అదే ఏడాది బైజూస్ దివాలా విచారణలో పడింది. ఏ ప్రభుత్వం మంచిది అన్నది కాదు నా ప్రశ్న. భాష నేర్వడం పదేళ్ల పని. ఆ పాఠాలు ఒక కంపెనీ సొత్తయి, ఆ ఒప్పందం ఒక ప్రభుత్వం వయసుకు ముడిపడి ఉన్నప్పుడు, ఆరో తరగతిలో మొదలుపెట్టిన పిల్ల పదో తరగతికి చేరేసరికి అదే దారి కాళ్ల కింద ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

కుప్పానికి ఈ అనుభవం ఇరవై ఏళ్ల కిందటే అయింది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ‘ఐ–కమ్యూనిటీ’ మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు, కంప్యూటర్లున్న వాహనం ఊళ్లు తిరిగింది. గడువు మూడేళ్లు. అందులో నాకు బాగా నచ్చిన భాగం పొదుపు సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటర్లు ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా నిలబెట్టడం. ఆ పరికరం వాళ్ల చేతిలో పనిముట్టయింది, దానితో వాళ్లు ఎవరికో ఏదో చేసి పెట్టారు. భాష విషయంలో మనం అడగాల్సిందీ ఇదే. పిల్ల ఆ ట్యాబ్‌తో ఎవరికైనా ఏదైనా చెబుతోందా? లేక తెర మీద నాలుగు జవాబుల్లో ఒకదాన్ని తాకి ఊరుకుంటోందా?

నాలుగింట్లో ఒకటి ఎంచుకోవడం భాష కాదు. భాషలో జవాబులు ముందే వరసగా నిలబడి ఉండవు, వెతుక్కుని కూర్చుకోవాలి. ఈ కూర్పు అలవాటును తెర మెల్లగా తగ్గిస్తుంది. రెండక్షరాలు కొట్టగానే మూడో అక్షరం యంత్రమే అందిస్తుంది. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టడం అలవాటైన పిల్లలకు ళ, ల తేడా, ణ, న తేడా చేతిలోంచి జారిపోతుంది. ఇక మాటను గుర్తించే సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా పెద్దవాళ్ల గొంతుల మీద తయారైనవి కాబట్టి పిల్లల గొంతు దగ్గర ఎక్కువ తడబడతాయి. ‘యాడికి పోతా ఉండావు’ అనే పిల్లవాడి మాటకు యంత్రం తప్పు గుర్తు పెడితే, తన ఇంటి మాటే తప్పు అనుకుంటాడు. పరాయి భాష నేర్పబోయి సొంత భాష మీద నమ్మకం తీసేయడం చాలా ఖరీదైన బేరం.

ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకోవచ్చు అన్నది కంప్యూటర్ గురించి చెప్పే అతి గొప్ప మాట. పెద్దమండ్యానికి దగ్గరలోనే, అదే తంబళ్లపల్లె నియోజకవర్గంలోని కురబలకోట మండలంలో ఈ పని కరెంటు లేకుండా జరిగింది. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే ఉపాధ్యాయుడితో నడిచే చిన్న బడులు పెట్టి, తెలుగు పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద ఒక నిచ్చెన పటం, ప్రతి మెట్టుకూ ఒక బొమ్మ గుర్తు. తాను ఏ మెట్టు మీద ఉందో పిల్ల తానే చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తీసుకుని, ఆ గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుతో ఉపాధ్యాయుడు ఉంటారు, ఇంకో గుంపులో పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు, మరో గుంపు తనంతట తాను చేసుకుంటుంది. నెల రోజులు పనుల కోసం బడి మానిన పిల్ల తిరిగొస్తే, ఆగిన మెట్టు నుంచే మొదలు. ఊరి కథలు, పాటలు, బొమ్మలాటలు అందులో భాగం. ఈ పద్ధతి 2003 తర్వాత చెన్నై కార్పొరేషన్ బడులకూ, అక్కణ్నుంచి తమిళనాడు మొత్తానికీ పాకింది. మన పక్క ఊరి ఆలోచనను తమిళనాడు తన రాష్ట్రమంతటికీ తీసుకుంటే, మనం పిల్లల వేగం గురించి బెంగళూరు కంపెనీని అడిగాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కార్డు చేయలేనిది ఒకటుంది, అది మాట్లాడలేదు. ఆ ఒక్క లోటునూ కంప్యూటర్ తీర్చగలదు. నిచ్చెన, గుంపు, ఉపాధ్యాయుడు అలాగే ఉండి, వినవలసిన మెట్టు దగ్గర ఒక ట్యాబ్ ఉంటే చాలు. తరగతికి నాలుగైదు సరిపోతాయి. పిల్లకొకటి చొప్పున పంచినప్పుడు గుంపు చెదిరి ఎవరి తెర వాళ్లది అవుతుంది. భాషకు ఆ చెదరడం పనికిరాదు.

ఈ ప్రాంతం వాళ్లు భాషలు ఎలా నేర్చుకుంటున్నారో చూడండి. బెంగళూరు కట్టడాల పనికి పోయిన కుర్రాడు కొన్ని నెలల్లో కన్నడం మాట్లాడతాడు. కువైట్‌లో ఇంటి పనికి వెళ్లిన అమ్మ అరబ్బీలో బేరమాడి వస్తుంది. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపిస్తాయి. వాళ్లెవరికీ పాఠం లేదు. అవసరం ఉంది, తప్పు పలికినా ఆగి విని జవాబిచ్చే మనిషి ఉన్నాడు. కంప్యూటర్ దగ్గర లేనిది ఆ మనిషే. బడిలో ఆ మనిషి ఉపాధ్యాయుడు. ఆయన సమయాన్ని హాజరు, మధ్యాహ్న భోజనం లాంటి యాప్‌లు తినేస్తే, పిల్ల ట్యాబ్‌లో నేర్చుకున్న వాక్యాన్ని ఎవరికి చెప్పాలి? బడిలో కంప్యూటర్ చేస్తున్న నష్టాల్లో మనం పెద్దగా లెక్కించనిది ఇదే.

మదనపల్లె వైపు సుగాలి తండాల పిల్లలకైతే తెలుగే రెండో భాష. 2004లో ఉమ్మడి రాష్ట్రం వాళ్ల భాష బంజారాతో సహా 8 గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు తయారుచేసి మాతృభాషలో చదువు మొదలుపెట్టింది. తక్కువ ప్రతులు అచ్చు వేయడం ఖర్చుతో కూడిన పని, కానీ అవ్వ చెప్పే కథను రికార్డు చేసి ఆ బడికి ఇవ్వడానికి ఖర్చు దాదాపు లేదు. చిన్న భాషలకు కంప్యూటర్ చేయగల మేలు పెద్ద భాషలకు చేసేదానికంటే ఎక్కువ. మన కంప్యూటర్ ప్రణాళికల్లో ఆ భాషలే కనబడవు.

చేయదగ్గది కళ్లెదుటే ఉంది. నేడు దొరికే చాలా యాప్‌లు కన్నడాన్ని ఇంగ్లిషు మీదుగా నేర్పుతాయి. పెద్దమండ్యం పిల్లవాడికి అది చుట్టుదారి. క్రియ చివర వచ్చే వాక్యం, పేరుకు అతుక్కునే విభక్తి, పోలికలున్న లిపి, వేల సమాన పదాలు తెలుగు, కన్నడం రెండింటికీ ఉన్నాయి. తెలుగు నుంచి నేరుగా కన్నడానికి, తమిళానికి, చివరికి ఇంగ్లిషుకు కూడా పాఠాలు రాసి, రాయలసీమ పిల్లల గొంతులతోనే వాటిని పరీక్షించి, ఎవరి సొత్తూ కాకుండా అందరికీ వదిలిపెట్టే పని ఒక విశ్వవిద్యాలయం చేయదగ్గది. ద్రావిడ భాషల కోసమే 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. ఏ ట్యాబ్ టెండరులోనైనా కొంత భాగం అక్కడికి, మరికొంత రిషివ్యాలీ పద్ధతిలో ఉపాధ్యాయుల శిక్షణకు కేటాయించమని అడగాలి. మొదటి విడతకు తంబళ్లపల్లె నియోజకవర్గంలోని ఆరు మండలాల ప్రాథమిక బడులు చాలు. ఆ బడుల ఉపాధ్యాయులను అంతకాలం హాజరు, భోజనాల యాప్‌ల నుంచి తప్పించాలి.