చివరి పంక్తి

నెల రోజులుగా దగ్గు తగ్గకపోవడంతో మాకు ఛాతీ సీటీ స్కాన్ తీశారు. న్యుమోనియా లేదని తెలియగానే నివేదికను మడిచి అల్మారాలో పెట్టాము. దాని చివరి పంక్తిని చదివినది మా అమ్మాయి: ప్రధాన పుపుస ధమని వ్యాసం 33 మిల్లీమీటర్లు, విస్తరించి ఉన్నది.

గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని చేర్చే నాళమది. సాధారణంగా పురుషులలో 29, స్త్రీలలో 27 మిల్లీమీటర్ల వరకు ఉంటుందని వైద్యుడు వివరించారు. వెడల్పు పెరిగినంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు. ఆ నాళంలో రక్తపోటు హెచ్చిందేమో చూడాలన్న సూచన మాత్రమే. చేతికి పట్టీ చుట్టి కొలిచే బీపీలో అది తెలియదు. ముందుగా గుండెకు ‘ఎకో’ పరీక్ష చేయించాలి.

“మెట్లెక్కితే ఆయాసం వస్తుందా? గురక ఉందా? కాళ్లు వాస్తున్నాయా?” అని ఆయన అడిగారు. మేము లేదనబోయాము. “అబ్బా మేడ మెట్ల మీద రెండుసార్లు ఆగుతున్నారు” అన్నది అమ్మాయి. ఆయాసాన్ని వయసు మీదికి నెట్టి దాచినది మేమే.

ఎకో వచ్చే వారం. పాఠంలో ఒక్క పంక్తి వదిలినా విద్యార్థిని మందలించే మేము, అమానతుగా లభించిన దేహాన్ని గురించిన పంక్తిని వదిలివేశాము. మీ ఇంటి అల్మారాలోని నివేదికలను కూడా చివరివరకు చదవండి. అర్థం కాని మాటను వైద్యుని అడగండి.