గృహిణీ హితము: కొండపల్లి బొమ్మల బేరము



స్పెయిను దేశమందలి తొలేదో యను ప్రాచీన నగరమునకు బోవువారు, ఉక్కుపై బంగారుతీగె పొదిగిన వస్తువులను జ్ఞాపకార్థము కొని తెత్తురట. అట్టి ముచ్చటకై మనము సముద్రములు దాటనక్కరలేదు. జగ్గయ్యపేటనుండి నందిగామ మీదుగా విజయవాడకు బోవు త్రోవలో, ఇబ్రహీంపట్నమున మరలినచో కొండపల్లి చేరుదుము. పూర్వము కృష్ణాజిల్లాలోనివైన యీ యూళ్లన్నియు 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి.

కొండపల్లి బొమ్మకు ప్రాణము తెల్లపొణికి కఱ్ఱ. దానిని ఎండబెట్టి, సెగ చూపి తేమ పోగొట్టుదురు. అంగములను వేర్వేరుగ చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. పిమ్మట సుద్ద పూసి రంగులు వేయుదురు. ఈ పనిలో స్త్రీలును పాలుపంచుకొందురు.

కొనునపుడు మొదట బొమ్మను చేత బట్టి చూడవలయును. పొణికి మిక్కిలి తేలిక. బరువుగనున్నచో కఱ్ఱ యేదో అడుగుడు. అంబారీ యేనుగు తొండమును, తాటిచెట్టెక్కు గీతగాని చేతులను మెల్లగ తాకి అతుకులు పరీక్షింపుడు. పసిపిల్లలు నోట బెట్టుకొందురు గనుక ఏ రంగులు వాడిరో తెలిసికొనుట మంచిది. ఇంట తడిగుడ్డతో తుడువక, పొడి నూలుగుడ్డలో చుట్టి దాచుడు.

ఇక వెల మాట. మేము కొందఱము కలిసి వెళ్లినపుడు, మాలో నొకరు ఎడ్లబండిని సగము వెలకడిగిరి. రంగులు వేయుచున్న గృహిణి కుంచె దింపకయే, “అమ్మగారూ, ప్రొద్దుననగా కూర్చున్నాను. ఇప్పటికి ఎద్దులకే రంగు తీరినది” అనెను. ఆమె చెప్పినది వెల కాదు, దినము. పొణికిచెట్లు కొండలలో అరుదగుచున్నవి. యంత్రములు పోసిన ప్లాస్టిక్ బొమ్మలు చౌకగ దొరకుచున్నవి. భౌగోళిక గుర్తింపు పొందిన పేరు గొప్పదే కాని, దినమంతయు కూర్చున్నను కూడు గడవనిచో వారి బిడ్డలు ఉలి పట్టుదురా?

కూరగాయలకడ బేరమాడు నేర్పు మనకు భూషణమే కావచ్చును. పనివారి వాకిట మాత్రము దానిని కొంత సడలింతము. పది చౌకబొమ్మలు కొనుటకంటె ఏటికొక్క మంచిబొమ్మను తగిన వెలకు కొని సంక్రాంతి కొలువులో జేర్చినచో, మన మెట్లు నిండును, వారి పొయ్యియు వెలుగును.