వంద అబద్ధాలాడి కుక్కని అంటగట్టకండి

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరో గానీ, ఆ వందలో ఒకటో రెండో అబద్ధాల బరువు జన్మంతా మోసిన ఆడవాళ్ళు మన చుట్టాల్లోనే ఉన్నారు. ఇప్పుడు అదే సూత్రం కుక్కల దగ్గర కూడా నడుస్తోంది. షెల్టర్‌లో ఉన్న కుక్కకి ఇల్లు చూడాలంటే దాని మెడకో ఎర్ర రుమాలు కట్టి, ఫోటో తీసి, "చాలా సాధువు, పిల్లలంటే ప్రాణం, ఏది పెడితే అది తింటుంది" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేస్తారు. గిన్నె దగ్గరికెళ్తే గుర్రుమంటుందనీ, చీపురు పైకెత్తితే మంచం కింద దూరుతుందనీ, ఒకసారి ఎవరి చెయ్యో పట్టుకుందనీ రాయరు. అడిగితే, "ముందు ఇంటికి చేరనివ్వండి, అదే సర్దుకుంటుంది" అంటారు. పెళ్ళయితే అబ్బాయి మారతాడన్నట్టే లేదూ?

బెదిరిపోయిన కుక్కకి ఇల్లు చూడొద్దని నేననను. చూడాల్సిందే. కాకపోతే దాని గుణం మొత్తం విప్పి చెప్పి ఇవ్వాలి. ఆ ఇంట్లో రోజూ దానికి అన్నం పెట్టే మనిషిని అడిగి ఇవ్వాలి. ఆ మనిషి చాలా ఇళ్ళల్లో మనమే. పిల్లలు ముచ్చటపడతారు, మగవాళ్ళు సరేనంటారు, పొద్దున్నే గుమ్మంలో తడి తుడిచేది మటుకు మనం. కుక్కని ఇచ్చేవాళ్ళు మాట్లాడేది ఎవరితో? ఆ ఇంటాయనతో! వంటింట్లోకి ఒక్క ప్రశ్న కూడా రాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ముందుముందు ఇల్లు కావలసిన కుక్కలు పెరుగుతాయి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. ఆగస్టు 22న దాన్ని మార్చి, ఆపరేషన్ చేసి, టీకాలేసి, పట్టుకున్న చోటే వదలమంది. రేబిస్ ఉన్నవాటినీ, ఉందని అనుమానం ఉన్నవాటినీ, మీదపడే స్వభావం ఉన్నవాటినీ మాత్రం వదలొద్దంది. పెంచుకుంటామని ముందుకొచ్చేవాళ్ళు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, అలా తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్ళదేననీ చెప్పింది. నవంబరు 7న బళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి పట్టిన కుక్కల్ని మళ్ళీ అక్కడ వదలకుండా షెల్టర్లలోనే ఉంచమంది. అంటే మన రావులపాలెం బస్టాండులో ప్రయాణికులు పడేసే పునుకుల మీద బతికే కుక్కల్లాంటివి రేపెక్కడో గోడల మధ్య ఉంటాయన్నమాట. వాటిలో కొన్నిటికైనా ఇల్లు దొరకాలని ఎవరో ఒకరు మన గుమ్మం తడతారు.

భయం లేదా అంటే ఎందుకుండదండీ! 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాడిని వీధికుక్కలు చంపేసిన వీడియో చూసిన తల్లి ఎవరూ మామూలుగా నిద్రపోలేదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు ఉండదు. అందుకే కుక్కలంటే ప్రేమ ఉన్నవాళ్ళు భయపడేవాళ్ళని చూసి "మీకు జాలి లేదు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ భయానికి జవాబు నిజం చెప్పడమే. దాచిపెట్టి ఇచ్చిన ఒక్క కుక్క ఒక పిల్లని కరిచిందంటే, ఆ వీధిలో మరో పదేళ్ళు ఏ కుక్కకీ గుమ్మం తెరుచుకోదు.

షెల్టర్ అంటే ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? మంచి మనసున్నవాళ్ళు నడిపినా సరే, పక్కపక్కనే గదులు, ఒకటి మొరిగితే యాభై మొరుగుతాయి. రాత్రీ పగలూ ఆ గోలే. వాసనలన్నీ కొత్త, మనుషులు రోజుకొకరు. అలాంటిచోట కొన్ని కుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. కొన్ని తిండి మానేసి మూలకి ముడుచుకుంటాయి. కొన్ని గిన్నె కనబడగానే ఎవరు లాక్కుంటారోనని మీదకొస్తాయి. అందుకే అక్కడ చూసిన గుణమే దాని అసలు గుణమని చెప్పలేం. ఇది రెండువైపులా నిజం. అక్కడ మహా గోల చేసేది ఇంట్లో కుదురుగా ఉండొచ్చు. అక్కడ కిక్కురుమనకుండా ఉన్నది, మూడో వారంలో ధైర్యం వచ్చాక, మీ పాలవాడి మీద లేవొచ్చు. కొత్తకోడలు మొదటి వారం మాట్లాడదు కదా అని నోరు లేని పిల్ల అనుకున్న అత్తగార్ల సంగతి మనకి తెలియదా! కుక్కల్ని సాకేవాళ్ళు ఒక లెక్క చెబుతారు: మూడు రోజులు బెదురు, మూడు వారాలకి ఇంటి పద్ధతి తెలియడం, మూడు నెలలకి ఇది నా ఇల్లు అనుకోవడం. కొన్నిటికి మూడు నెలలు ఏడాదవుతుంది. లెక్క ఉజ్జాయింపుదే గానీ, వచ్చిన రోజే ఒళ్ళో కూర్చోబెట్టుకుని సెల్ఫీ తీసుకోకూడదని అర్థం కావడానికి పనికొస్తుంది.

మా ఆడపడుచు కూతురు విశాఖలో చదువుకుంటోంది. సెలవుల్లో ఒక షెల్టర్‌కి వెళ్ళి సాయం చేస్తుంటుంది. "అత్తా, ఒక గోధుమరంగు ఆడకుక్క ఉంది, మీవైపు ఎవరికైనా ఇప్పించవా" అని ఫోన్ చేసింది. ఫోటో కింద మామూలే, సాధువు, ప్రాణం, వగైరా. "అమ్మా, సంబంధం చెప్పేటప్పుడు చెప్పే మాటలొద్దు, రోజూ దాని గది కడిగేవాళ్ళేమంటున్నారో చెప్పు" అన్నాను. మర్నాడు ఇంకో మెసేజ్ వచ్చింది, ఇదీ అసలు జాతకం. తినేటప్పుడు దగ్గరికెళ్తే గుర్రుమంటుంది. మెడ పట్టీ పట్టుకుని లాగిన కుర్రాడి చెయ్యి ఒకసారి పట్టుకుంది, చర్మం తెగింది. కర్ర పట్టుకున్న మగవాళ్ళంటే హడలు. ఆడవాళ్ళ దగ్గర నిమ్మళం. మిగతా కుక్కలతో పేచీ లేదు. ఆపరేషన్, టీకాలు అయ్యాయి, కుడి చెవి సరిగ్గా లేదు.

చెవి సంగతి చూపించాకే మిగతా మాట అన్నాను. ఒంట్లో నొప్పి ఉన్న కుక్క కరుస్తుంది. పన్ను నొప్పో, చెవి పోటో, నడుం నొప్పో నోరు తెరిచి చెప్పలేదు కదా. పశువుల డాక్టరు చూస్తే చెవిలో పాత పుండు. మందు పడ్డాక సగం చిరాకు తగ్గింది. సగమే. ఆపరేషన్ చేయిస్తే కోపం పోతుందని చాలామంది అనుకుంటారు, పిల్లలు పుట్టకుండా పోతాయి గానీ భయంతో కరిచే అలవాటు దానివల్ల పోదు.

ఇక ఇల్లు. మా ఊరు మీకు తెలుసుగా, ఒకపక్క గౌతమి, ఒకపక్క హైవే, తెల్లారకముందే అరటిగెలల లారీలు, వాటి హారన్లు. రోడ్డు మీది ఇళ్ళు బెదురు కుక్కకి పనికిరావు. ముందుగా అడిగినవాళ్ళు చాలా మంచివాళ్ళు, పెద్ద ఇల్లు, కుక్కలంటే ఇష్టం. కానీ సాయంత్రమైతే పాతికమంది ట్యూషన్ పిల్లలు, గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, పాకే మనవడు. మీకు ఇవ్వలేమని చెప్పించాను. నొచ్చుకున్నారు. నొచ్చుకోవడమే నయం, పిల్లాడు దాని గిన్నె దాకా పాకి వెళ్ళేకంటే.

రెండో ఆయన కొబ్బరితోట యజమాని. "కరుస్తుందా? మాక్కావలసింది అదేనండి" అన్నాడు. తోటలో చెట్టుకి గొలుసుతో కట్టి, రోజుకోసారి ఎవరో అన్నం పడేస్తారట. భయంతో కరిచే కుక్కని రోజంతా కట్టేస్తే పారిపోయే దారి ఉండదు, ఇక మిగిలేది కరవడమే. ఆ పిచ్చి ముదిరాక కొట్టి చంపేది మళ్ళీ మనుషులే. మన ఆదికవి నన్నయ రాజమహేంద్రవరంలో కూర్చుని తెలుగు చేసిన భారతంలో, ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది. ఏ తప్పూ చెయ్యని తన పిల్లని జనమేజయుడి తమ్ముళ్ళు కొట్టారని ఆ దేవశునకం వచ్చి రాజుని నిలదీస్తుంది. చివర్లో ధర్మరాజు వెంట స్వర్గం గుమ్మం దాకా నడిచిందీ కుక్కే. భారతానికి అటూ ఇటూ కుక్కలే కాపలా ఉన్నాయి, మనం మాత్రం 'కుక్క బతుకు' అని తిట్టుకుంటాం.

మూడో ఇల్లు గౌతమి గట్టు పక్క ఊళ్ళో, మా పిన్నివరస ఆవిడది. పిల్లలు దూరంగా ఉన్నారు, ఆవిడా బాబాయిగారూ ఇద్దరే. వేళకి తిండి, వేళకి నిద్ర, చుట్టూ ప్రహరీ, ఇంటికొచ్చేవాళ్ళు తక్కువ. ఆవిడ కుక్కల్ని ముద్దు చేసే మనిషి కాదు, అసలు ముట్టుకోదు. నాకు అదే నచ్చింది. బెదురు కుక్కకి కావలసింది వాటేసుకునే చేతులు కాదు, రేపు కూడా ఇవాళలాగే ఉంటుందన్న నమ్మకం. ఉన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ విని, "నేను వంట చేస్తుంటే కాళ్ళకి అడ్డం రాకూడదు, బాబాయిగారు చేతికర్ర మానరు, దానికేమంటావు?" అంది. బాబాయిగారి మోకాళ్ళ నొప్పికి కర్ర కావాలి, కుక్కకి కర్రంటే హడలు. ఆ ఒక్క విషయం మీద మూడు రోజులు ఫోన్లు నడిచాయి. చివరికి కర్ర గుమ్మం పక్కన నేల మీద పడేసి ఉంచడం, ఆయన దాని పక్కన కూర్చుని రస్కు ముక్కలు విసరడం, ఇలా మొదలుపెట్టాలనుకున్నారు. దీపావళి వెళ్ళేదాకా తీసుకురావద్దన్నాను. టపాకాయల మధ్య కొత్త ఇంటికొచ్చిన కుక్క గోడ దూకి హైవే ఎక్కేస్తుంది.

తిండి దగ్గర పద్ధతి చాలా చిన్నది. గిన్నె ఒకేచోట, నూతి చప్టా వెనక. పెట్టేసి వచ్చెయ్యడమే, తింటుంటే ఎవరూ అటు వెళ్ళరు. గిన్నె దగ్గరికి వెళ్ళక తప్పకపోతే ముందు దూరంగా ఒక గుడ్డు ముక్క పడేసి, అది అటు వెళ్ళాక తీస్తారు. "గుర్రుమన్నప్పుడు ఒక్కటివ్వండి, బుద్ధొస్తుంది" అని పక్కింటాయన సలహా. గుర్రుమనడం అంటే అది మనకి మర్యాదగా చెప్పడమండీ, దగ్గరికి రావద్దని. దెబ్బ కొట్టి ఆ మాట మాన్పిస్తే, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. ఇంట్లో ఆడదాని నోరు మూయించినా ఇంతేననుకోండి, అది వేరే రోజు రాస్తాను. ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సినప్పుడు మూతికి చిక్కం కట్టడం కూడా నిదానంగా, చిక్కంలో పెరుగన్నం పెట్టి అలవాటు చేశారు. ఎడ్లకి కట్టేది చూసి పెరిగినవాళ్ళం, చిక్కం చూసి అయ్యో పాపం అనుకోనక్కర్లేదు.

ఇంత చేసినా కరవదని రాసివ్వలేం. అందుకే పిన్నికి ఇంకో సంగతి కూడా చెప్పాను. పన్ను పడితే, గీత పడినా సరే, వెంటనే పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పసుపు, కారం, సున్నం ఏదీ అద్దకూడదు, అదే రోజు ఆసుపత్రికెళ్ళి సూది మొదలుపెట్టాలి, డాక్టరు చెప్పిన తేదీల్లో ఒక్కటీ మానకూడదు. గర్భిణులైనా వేయించుకోవాల్సిందే. కుక్కకి ఏటేటా టీకా కూడా మానకూడదు.

అన్ని కుక్కలకీ ఇల్లు దొరుకుతుందని కూడా నేననను. గుర్రుమనకుండానే మీదపడి, పట్టు వదలకుండా, మళ్ళీ మళ్ళీ కరిచినదాన్ని, డాక్టరు చూసి, తెలిసినవాళ్ళు నెలల తరబడి ప్రయత్నించినా మారనిదాన్ని ఇంటికి పంపకూడదు. అలాంటిదానికి షెల్టర్‌లోనే ఒక పక్కగా, ఒకరిద్దరు తెలిసిన మనుషులతో బతుకు వెళ్ళాలి. "ప్రేమతో ఏదైనా మారుతుంది" అన్న మాట ఎవరైనా అంటే, ఆ ప్రేమ తాలూకు పని ఎవరి చేత చేయిస్తారో అడగండి.

ఇచ్చేముందు మా మేనకోడలి చేత నేను ఒక్క మాట పట్టుబట్టి ఒప్పించింది, తిరిగి తీసుకెళ్ళే సంగతి. మొదట షెల్టర్ వాళ్ళు, "ఇచ్చాక ఇక మీదేనండి, వెనక్కి తేకూడదు" అన్నారట. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? వెళ్ళిన చోటే సచ్చో బతికో ఉండమనే మాట ఆడపిల్లకి చెప్పడమే మానేస్తున్నాం, కుక్కకెందుకు చెప్పాలి? వెనక్కి దారి లేదంటే జనం దాన్ని ఏ రాత్రో వంతెన దాటించి వదిలేస్తారు. దానికన్నా పుట్టింటి గుమ్మం తెరిచి ఉంచడం నయం కదా. చివరికి ఒప్పుకున్నారు. ఎప్పుడు కుదరకపోయినా ఫోన్ చెయ్యండి, ఏమీ అనకుండా వచ్చి తీసుకెళ్తాం అన్నారు. పిన్ని ఆ నంబరుని వంటింట్లో క్యాలెండరు మీద పెద్ద అంకెలతో రాసుకుంది.

సంక్రాంతి ప్రభల బాణాసంచాకి నడవ గదిలో తలుపేసి, ఫ్యాను తిప్పి, టీవీ పెద్దగా పెట్టి గడిపారు. మూడు నెలలు దాటాయి. బాబాయిగారు కర్ర చేత్తో పట్టుకుని లేస్తే ఇప్పటికీ అది పెరట్లోకి వెళ్ళిపోతుంది, ఆయన కూర్చున్నాక మళ్ళీ వస్తుంది. చెయ్యి వేయనివ్వలేదింకా. ఆ నంబరుకి ఇప్పటిదాకా పిన్ని రెండుసార్లు ఫోన్ చేసింది. ఒకసారి పనసతొన చప్పరించింది, ఏమన్నా అవుతుందా అని. రెండోసారి, దీనికి ఇంకో రకం పేరు పెట్టుకోవచ్చా, మీరు పెట్టింది నాకు నోరు తిరగడం లేదు అని.