అయిదు కొమ్ముల పూవు

పిల్లలూ! ఎర్రగా ఉన్న ప్రతి పూవూ మందారమేనా? కాదని మీకు తెలుసు. మందారపు పూవు మధ్యనుంచి పొడుగాటి కాడ ఒకటి బయటికి వస్తుంది. దాని ఆకు అంచున రంపపు పళ్ళు ఉంటాయి. రంగు, కాడ, ఆకు ఈ మూడూ చూసిన తరువాతనే మీ కన్ను "మందారం" అంటుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్న పూవు కాబట్టి ఆ పని క్షణంలో అయిపోతుంది. ఎరగని పూవు దగ్గర అదే పని నిదానంగా చెయ్యాలి. ఈ నెల అలాంటి పూవు ఒకదాన్ని చూద్దాం.

దీని పేరు కొలంబైన్. ఇది మన అడవుల్లో పూసేది కాదు. ఉత్తర అమెరికా తూర్పు భాగాన, కెనడా మొదలుకొని ఫ్లారిడా ఉత్తరపు కొస వరకు, పలచని అడవుల్లోనూ రాతిగుట్టల సందుల్లోనూ పెరుగుతుంది. అక్కడ మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. ఏప్రిల్, మే నెలల్లో అమ్మానాన్నలతో అడవిబాటన నడిచేటప్పుడు వారికి ఇది ఎదురుపడవచ్చు.

మొదట మొక్కను చూడండి. ఒక అడుగునుంచి మూడడుగుల ఎత్తు ఉంటుంది. ఆకు మూడు ముక్కలుగా చీలి, ఒక్కొక్క ముక్క మళ్ళీ గుండ్రని అంచులతో చీలి ఉంటుంది. ఆకు మాత్రం చూసి తొందరపడకూడదు. ఆ అడవుల్లోనే "మెడో రూ" అనే మొక్క ఉన్నది. దాని ఆకూ అచ్చం ఇలాగే ఉంటుంది. కాని దాని పూలకు రేకులు ఉండవు. సన్నని కుచ్చులు మాత్రం వేలాడుతాయి.

ఇక పూవు. అది తల వంచుకుని, చిన్న లాంతరులాగా వేలాడుతుంది. వెలుపల ఎరుపు, లోపల పసుపు. రేకులు అయిదు. ప్రతి రేకూ వెనక్కు సాగి సన్నని గొట్టమై, పైకి కొమ్ములాగా నిలుస్తుంది. కొమ్ము పొడవు అంగుళానికి కాస్త లోపు. కొన మీద చిన్న బొడిపె ఉంటుంది. అందులోనే తేనె. కింద పసుపుపచ్చని కేసరాలు గుత్తిగా రేకులు దాటి బయటికి వస్తాయి.

పూవును తలకిందులు చేసి ఊహించుకోండి. అయిదు పావురాలు ఒక గిన్నె చుట్టూ చేరి నీళ్ళు తాగుతున్నట్టు ఉంటుంది. లాటిన్ భాషలో పావురాన్ని "కొలంబా" అంటారు. పేరు అలా వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కున్నది. ఐరోపానుంచి తోటలకోసం తెచ్చిన మరొక కొలంబైన్ గోడ దాటి అడవుల్లో చేరింది. అది సీమ పూవు, ఇది నాటు పూవు. సీమ పూవు సాధారణంగా నీలంగానో, ఊదాగానో, గులాబిరంగుగానో ఉంటుంది. అయితే రంగును ఒక్కదాన్నే నమ్మవద్దు. తోటమాలులు రకరకాల రంగులు పుట్టించారు. కొమ్ములు చూడండి. నాటు పూవు కొమ్ములు తిన్నగా ఉంటాయి. సీమ పూవు కొమ్ములు గాలపు ముల్లులాగా లోపలికి వంగి ఉంటాయి. కేసరాలు చూడండి. నాటు పూవులో బాగా బయటికి వస్తాయి, సీమ పూవులో దాదాపు రేకుల్లోనే ఉండిపోతాయి. రెండు గుర్తులూ కలిస్తేనే పేరు చెప్పండి.

"ఏ కొలంబైన్ అయితేనేం?" అని మీరు అడగవచ్చు. హమ్మింగ్ పక్షిని అడిగితే అది జవాబు చెబుతుంది! మన తేనెపిట్టలాగా పూలతేనె తాగే పక్షి అది. మన దేశంలో లేదు. తూకం సుమారు మూడు గ్రాములు. చలికాలం మెక్సికోలోనూ మధ్య అమెరికాలోనూ గడిపి, వసంతకాలంలో ఎంతో దూరం ఎగిరి ఉత్తరానికి వస్తుంది. అది వచ్చే వేళకే ఈ నాటు పూవు విచ్చుకుంటుంది. తేనెటీగలకు ఎరుపు సరిగా ఆనదు, పక్షికి బాగా కనబడుతుంది. పక్షి గాలిలో నిలబడి, పొడుగాటి నాలుకతో కొమ్ము కొసనున్న తేనె అందుకుంటుంది. అప్పుడు దాని తలకు పుప్పొడి అంటుకుని మరో పూవుకు చేరుతుంది. పక్షికి తిండి, మొక్కకు విత్తనం. కొన్ని తుమ్మెదలు మాత్రం కొమ్ము కొసకు కన్నంవేసి తేనె దొంగిలించి పోతాయి!

పూవు రాలాక, వంగిన కాడ నిటారుగా లేస్తుంది. అయిదు చిన్న కాయలు నిలబడి, ఎండి, పైన పగులుతాయి. గాలికి ఊగినప్పుడు నల్లని విత్తనాలు చిలుకుతాయి. మన నల్లజీలకర్ర మొక్కదీ ఇదే కుటుంబం. అయినా కొలంబైన్ విత్తనం నోట పెట్టకూడదు, అది విషం.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో దీని చుట్టం, నీలమూ తెలుపూ కలిసిన కొలంబైన్ ఉన్నది. 1891 లో అక్కడి బడిపిల్లలు ఓటువేసి దాన్ని ఎన్నుకున్నారు. 1899 లో అది రాష్ట్రపుష్పం అయింది. జనం మోపులుగా కోసుకుపోతుంటే 1925 లో చట్టం చేశారు: ప్రభుత్వ భూముల్లో ఆ మొక్కను వేళ్ళతో పెకలించకూడదు, ఒక మనిషి రోజుకు 25 పూలకు మించి కోయకూడదు.

ఇప్పుడొక లెక్క. పూవుకు అయిదు కొమ్ములు. 25 పూలు కోస్తే ఎన్ని తేనెగిన్నెలు పోయినట్టు? నూట ఇరవై అయిదు! కాబట్టి చట్టం ఒప్పినా మనం కోయవద్దు. మోకాళ్ళ మీద కూర్చుని చూడండి, బొమ్మ గీసుకోండి, గుర్తులు రాసుకోండి.

మన ఊళ్ళో ఉన్నవారికీ పని ఉన్నది. మీ దొడ్లో పేరు తెలియని మొక్క ఒకటి ఎంచుకోండి. ఆకు, కాడ, పూవు, కాయ, వచ్చే పురుగో పిట్టో, ఈ అయిదూ రాయండి. ఆ తరువాతనే పెద్దలను పేరు అడగండి.